వెనక గదిలో నెత్తురు పరీక్ష

శామీర్‌పేటలో రోడ్డు పక్కన మందుల షాపు పెట్టి పదకొండేళ్లయింది. ఇన్నేళ్లలో నేను చెయ్యి చేసుకున్నది ఒక్క మనిషి మీదే. ఇది అతని గురించే రాస్తున్నాను. పేరు రాయనని అతనికీ, వాళ్లమ్మకూ మాటిచ్చాను. నా పేరు కూడా రాయను. నేనెవరో తెలిస్తే అతనెవరో కనుక్కోవడం మా దగ్గర ఎంతోసేపు పట్టదు.

అతనికి అప్పుడు ముప్పై లోపే. చెరువులో చేపలు పట్టే ఇల్లు వాళ్లది. తండ్రి లేడు. తల్లి రోడ్డు మీద చేపలమ్ముతుంది. అన్న వల పట్టుకుని చెరువునే నమ్ముకున్నాడు. ఇతను మాత్రం టిప్పర్ నడపడానికి పోయి, కంకర క్వారీలో బండి మీది నుంచి పడి నడుం దెబ్బ తిన్నాడు. అక్కడి ఆర్ఎంపీ ఒకాయన నొప్పికి సూది వేశాడు. నొప్పి పోయాక కూడా సూది పోలేదు. కొన్నాళ్లకు వేసేవాళ్ల అవసరం కూడా లేకుండా తనే పొడుచుకోవడం నేర్చుకున్నాడు.

ఇదంతా నాకు తరవాత తెలిసిన కథ. మొదట్లో నాకు తెలిసింది ఒక్కటే. రోజూ మధ్యాహ్నం ఒక మనిషి ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకుని వచ్చి, కౌంటర్ ముందు నిలబడి, "మేడం, ఒక్క సిరంజి" అని అడిగేవాడు. డాక్టరు చీటీ తెమ్మనేదాన్ని. అతను కాసేపు నేల చూసి వెళ్లిపోయేవాడు. మరుసటి రోజు మళ్లీ వచ్చేవాడు.

ఒక రోజు షుగరున్న పెద్దమనిషికి ఇన్సులిన్ సిరంజీలు తీసిస్తున్నాను. డబ్బా మూత తెరిచే ఉంది. అతను చెయ్యి చాచి అందులోంచి ఒకటి లాక్కున్నాడు. నేను కౌంటర్ మీదుగా వంగి కాలర్ పట్టుకుని చెంప పగలగొట్టాను. "దొంగ" అని అరిచాను.

ఆ ఒక్క మాట చాలింది. ఎదురుగా ఉన్న ఆటోవాళ్లు నలుగురు వచ్చి అతన్ని రోడ్డు మీదికి ఈడ్చారు. మొదట మామూలుగానే కొట్టారు. ఇంతలో ఎవరో చొక్కా చెయ్యి పైకి లాగారు. ముంజేతి పొడవునా నల్లగా గడ్డకట్టిన మచ్చలు. "సూదులోడురా వీడు!" అన్నాడొకడు. అక్కడి నుంచి దెబ్బల తీరు మారిపోయింది. అప్పటిదాకా ఉన్నది కోపం. ఇప్పుడు సంబరంగా కొట్టసాగారు. ఒకడు చెప్పు తీశాడు. ఒకడు తల పక్కన తన్నాడు. అతను అరవలేదు. నడుముకు దెబ్బ తగలకుండా ముడుచుకుపోయి పడుకున్నాడు. ఎడమ చెవిలోంచి నెత్తురు కారి మట్టిలో ఇంకుతోంది. నేను వద్దని ఒక్క మాట అనలేదు. బీపీ మాత్రలు వెతుకుతున్నట్టు ర్యాకు వైపు తిరిగి నిలబడ్డాను.

రెండు రోజుల తరవాత ఒకామె వచ్చింది. నలభై దాటి ఉంటాయి. నల్ల బురఖా, ముఖం మీద తెర లేదు, భుజానికి గుడ్డసంచి. అలియాబాద్ దిక్కు నుంచి వచ్చానంది. సూదులు పొడుచుకునేవాళ్ల మధ్య పనిచేసే ఒక సంస్థలో కౌన్సెలర్. అందరూ ఆమెను ఆపా, అంటే అక్క, అని పిలుస్తారని తరవాత తెలిసింది.

"మొన్న మీ షాపు ముంగట ఒక మనిషిని కొట్టిన్రంట?"

"నేను కొట్టియ్యలే. వాళ్లే కొట్టిన్రు."

"మొదటి దెబ్బ ఎవరిది మేడం?"

నేను మళ్లీ ర్యాకు వైపు తిరిగాను. ఆమె గొంతు పెంచలేదు. "మీరు సూది ఇయ్యరు. పక్క షాపాయన ఇయ్యడు. ఆ పాడువడ్డ కోళ్ల షెడ్డు కాడ నలుగురు ఒక్క సూదితోనే పొడుసుకుంటున్నరు. వారం దినాల సంది గదే సూది. ఒకని నెత్తురు ఇంకొకని ఒంట్లకు పోతాంది."

ఆమె వచ్చిన పని అప్పుడు చెప్పింది. మా షాపులో వాళ్లకు హెచ్ఐవీ పరీక్ష చేయాలట. వేలి మీద చిన్న పోటు, ఒక చుక్క నెత్తురు, కాసేపట్లో ఫలితం.

"గవర్నమెంటు దవాఖాన్ల చేస్తరు గదా?" అన్నాను.

"వాళ్లు పోరు. గేటు కాడ వాచ్‌మన్ గుర్తువడ్తడు, లైన్ల నిలవడితే ఊరోళ్లు గుర్తువడ్తరు. మందుల షాపుకంటె ఎవరైనా వస్తరు. తలనొప్పి గోలీకి వచ్చిండా, దీనికి వచ్చిండా, ఎవరికెరుక?" సంచి భుజం మీదికి జరుపుకుని మళ్లీ అంది. "మా తమ్ముడు గట్లనే పోయిండు మేడం. ఏం రోగమో తెల్వకుండనే పోయిండు. తెలిసుంటే గోలీలు మింగి ఇయ్యాల నా ఇంట్ల ఉంటుండె."

ఒప్పుకున్నాను. మంచితనంతో ఒప్పుకున్నానని చెప్పుకోలేను. మట్టిలో ఇంకిన నెత్తురు రెండు రోజులుగా కళ్ల ముందు నుంచి కదలడం లేదు, అంతే. సుచిత్ర చౌరస్తా దగ్గర ఉద్యోగం చేసే మా ఆయన మాత్రం, "నీకెందుకే గీ లంపటం?" అని రెండు పూటలు మాట్లాడటం మానేశాడు.

శిక్షణ ఇచ్చారు. ముందు అడగాలి, మనిషి సరేనంటేనే వేలు పట్టుకోవాలి. కిట్టు మీద ఒక గీత వస్తే లేనట్టు. రెండు వస్తే అనుమానం ఉన్నట్టు, పెద్దాసుపత్రిలో మళ్లీ చేసి ఖాయం చేయాలి. ఫలితం ఎవరికీ చెప్పకూడదు. తల్లి అడిగినా, పెళ్లాం అడిగినా, ఎవరడిగినా. వెనక గదిలో సెలైన్ అట్టపెట్టెలు ఒక పక్కకు జరిపి, రెండు స్టూళ్లు వేసి, గుమ్మానికి పాత దుప్పటి తెరగా కట్టాను. వాడిన సూదులు వేయడానికి మూత ఉన్న గట్టి డబ్బా ఒకటి ఆపా తెచ్చింది. వచ్చినవాళ్లకు పంచడానికి కొత్త సూదులు కూడా ఆమె సంస్థే ఇచ్చింది. షాపు ఖాళీగా ఉండే మధ్యాహ్నం వేళ పెట్టుకున్నాం.

మూడు వారాలు ఎవరూ రాలేదు. తరవాత ఆపా వెంట ఒక్కొక్కరే వచ్చారు. ప్లాట్లకు కాపలా ఉండేవాడు, పెయింటింగ్ పనివాడు, బొంగురు గొంతుతో పెళ్లిళ్లలో పాడే ఒకాయన. దెబ్బ లేని మనిషి ఒక్కడూ రాలేదు. ఒకడి దవడ వాచి ఉండేది, ఒకడి వీపు మీద బెల్టు వాతలు తేలి ఉండేవి. ఎవరు కొట్టారని అడిగితే చాలాసార్లు ఇంట్లోవాళ్లే.

ఒక మధ్యాహ్నం తెర పక్కకు తొలిగింది. నేను కొట్టినవాడు. గుమ్మంలోనే ఆగాడు.

"కొట్టరు గదా మేడం?"

"కొట్టను. కూసో." కిట్టు చేతిలోకి తీసుకుని, "ఆ రోజు తప్పు నాది" అన్నాను.

అతను నా పెదాల వైపు చూశాడు. తరవాత స్టూలు జరుపుకుని కుడి పక్క నాకు వచ్చేటట్టు కూర్చున్నాడు. "గీ దిక్కు నుంచి చెప్పున్రి. ఆ చెవు ఇగ పని చేస్తలేదు" అన్నాడు. నింద లేదు ఆ గొంతులో. ఏ పక్క మాట్లాడాలో నాకు చెప్పాడు, అంతే.

అతని వేళ్ల నిండా చిన్నప్పుడు వల తాళ్లు కోసిన గీతలు. తోలు మెత్తగా ఉన్న వేలు కోసం వెతికాను. పొడిచాను. నెత్తురు చుక్క కిట్టు మీద పడింది. ఆపా అతన్ని మాటల్లో పెట్టింది. ఏ చేప ఏ కాలంలో వలకు పడుతుందో అడుగుతోంది. రవ్వల గురించి, కొరమేనుల గురించి అతను ఉత్సాహంగా చెబుతున్నాడు. నేను కిట్టు వైపే చూస్తున్నాను. మొదటి గీత వచ్చింది. దాని పక్కనే, తడి గోడ మీద మరకలా మెల్లగా రెండోది తేలింది.

చెప్పవలసినట్టే చెప్పాం. ఇదింకా ఖాయం కాదన్నాం. ఖాయమైనా మందులున్నాయి, బతకొచ్చన్నాం. అతను తలూపాడు. అర్థమైందనే అనుకున్నాను. మరుక్షణం లేచి ఇనుప ర్యాకుకు నుదురు బాదుకున్నాడు. ఒకసారి కాదు. ర్యాకు ఒరిగి దగ్గు మందు సీసాలు భళ్లున నేల మీద పగిలాయి. పిడికిలితో కిటికీ అద్దం గుద్దాడు. చెయ్యి మణికట్టు దాకా తెగింది. ఆపా వెనక నుంచి రెండు చేతులతో అతన్ని వాటేసి పట్టుకుంది. విడిపించుకోబోతూ అతను మోచేత్తో పొడిస్తే ఆమె పెదవి చిట్లింది. అయినా ఆమె వదల్లేదు.

నేను గోడకు అతుక్కుపోయి నిలబడ్డాను. చూడగలిగింది అతని చేతి నుంచి కారే నెత్తురు ఒక్కటే. శిక్షణలో నేర్పింది ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

"చూస్తరేంది మేడం! గ్లౌజులు తొడుక్కొని కట్టు కట్టున్రి!" ఆపా గట్టిగా అరిచింది.

అప్పుడు కదిలాను. గ్లౌజులు తొడుక్కుంటుంటే నా వేళ్లు ఒకదానిలో రెండు దూరాయి. దూది పెట్టి గట్టిగా అదిమి కట్టు కట్టాను. అతను గాజు పెంకుల మధ్య కూలబడి ఏడ్చాడు. ఏడుస్తూ మొదట అన్న మాట, "మా అమ్మా నేను ఒక్క కంచంల తింటం మేడం." కంచంలో తింటే రాదని ఆపా చెప్పింది. మళ్లీ అడిగాడు, మళ్లీ చెప్పింది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పింది, పెదవి నెత్తురు తుడుచుకుంటూ.

మరుసటి రోజు ఆపా ఆటోలో అతన్ని మేడ్చల్ ఆసుపత్రికి తీసుకుపోయింది. ఖాయమైంది. కొద్ది రోజుల్లో మాత్రలు మొదలుపెట్టారు.

నెల తిరక్కుండానే వాళ్లమ్మ షాపుకు వచ్చింది. తల మీద చేపల గంప దించకుండానే అడిగింది. "నా కొడుకు బతుకుతడా బిడ్డా?"

"ఎవరి గురించి అడుగుతున్నవ్ పెద్దమ్మా? నాకేం తెల్వదు" అన్నాను.

ఆమె నన్ను చూసి నవ్వింది. "నీ నోరు గట్టిదే. వాడే చెప్పిండు లే. గీ గోలీలకు అడ్డమొచ్చే తిండేమన్న ఉన్నదా, గది చెప్పు." అంతవరకు చెప్పాను.

అన్నకు మాత్రం చెప్పలేదు వాళ్లు. అతనికి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఒక ఉదయం అతనికి తమ్ముడి బట్టల కింద మాత్రల డబ్బా దొరికింది. ఫోన్లో ఫోటో తీసి తెలిసినవాడికి పంపి, అవి దేనికి వాడే మాత్రలో తెలుసుకున్నాడు. తమ్ముడు మా షాపు వెనక గదికి వస్తున్నాడని కూడా ఎవరో చెప్పారట.

ఆ తరవాత జరిగింది నేను ఒక ఆటో డ్రైవర్ ఫోన్లో వచ్చిన వీడియోలో చూశాను. "చూడున్రి మేడం, ఇప్పుడే కట్ట మీద ఏమైందో" అని తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. చెరువు కట్ట. తమ్ముడు నేల మీద పడి ఉన్నాడు. అన్న తెప్ప తెడ్డు రెండు చేతులతో పైకెత్తి కొడుతున్నాడు. ఎండిన కట్టెను చీల్చేటప్పుడు కొట్టినట్టు, ప్రతి దెబ్బకూ ఊపిరి పీల్చుకుని మరీ కొడుతున్నాడు. చేతిని అడ్డం పెట్టిన చోట ముంజేయి మధ్యలో వంగిపోయింది. చుట్టూ జనం, సగం మంది చేతుల్లో ఫోన్లు. తల్లి ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చి కొడుకు మీద బోర్లా పడింది. తెడ్డు అప్పటికే దిగుతోంది. ఆమె భుజం మీద పడ్డ చప్పుడు ఆ ఫోన్లోంచి కూడా వినపడింది.

ఫోన్ తిరిగి ఇచ్చేసరికి మొదటి రాయి వచ్చింది. కౌంటర్ అద్దం నా ముఖం మీద పేలింది. ఎడమ కనుబొమ్మ మీద వేడిగా తగిలింది, ఆ కన్ను ఎర్రగా మసకబారింది. రెండో రాయి ఫ్రిజ్ తలుపుకు తగిలింది. అన్న లోపలికి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద, చేతుల మీద నెత్తురు. వెనక ఐదారుగురు.

"సూదులిచ్చి మా ఇంట్ల రోగం వెట్టింది నువ్వే! మా తమ్మునికి ఆ రోగమున్నదా లేదా? చెప్పు! నా పిల్లలు వాని పక్కల పండుకుంటరు, చెప్పు!"

"నేను ఎవరి గురించీ చెప్పను."

జుట్టు పట్టుకుని నా తల కౌంటర్ చెక్కకు కొట్టాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పనన్నాను. అది ధైర్యమని ఇప్పుడెవరైనా అంటే నాకు సిగ్గేస్తుంది. అప్పుడు నా నోట్లో ఆ ఒక్క మాట తప్ప ఇంకేం మిగల్లేదు. చెయ్యి తడుముతుంటే కట్టు గుడ్డలు కోసే కత్తెర తగిలింది. పిడికిట బిగించి ఎత్తాను. అతని మెడ నాకు ఎంత దగ్గర్లో ఉందంటే, చెమట కారుతున్న నరం కనిపించింది. పొడిచేదాన్నే.

"పెద్దోడా!"

తల్లి ఆటో దిగి వచ్చింది. కుడి చెయ్యి వేలాడుతోంది. అరవలేదు, తిట్టలేదు. వచ్చి షాపు గడప మీద, పగిలిన అద్దాల్లో కూర్చుంది. "ఆమెను సంపేది ఉంటే నన్ను తొక్కి లోపటికి పోండ్రి," అంది వెనక ఉన్నవాళ్లతో. "వాడు నా కడుపున పుట్టిండు. రోగముంటే నాకున్నది అనుకోండ్రి. రాండ్రి, రాళ్లు నా మీద ఏయండ్రి." వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు రాయి కింద పడేశాడు. ఒక్కొక్కరే జారుకున్నారు. అన్న నా జుట్టు వదిలి, తల్లిని దాటలేక కాసేపు అక్కడే నిలబడి, చివరికి ఆమె పక్క నుంచి ఒదిగి బయటికి పోయాడు.

నేను కత్తెర కింద పెట్టాను. తల్లి ఎడమ చేత్తో నడుం దగ్గర చీర మడత తడిమి, మాత్రల డబ్బా తీసింది. కట్ట మీద కొడుకును కొడుతుంటే కింద పడిన డబ్బాను ఏరి దోపుకుందట.

"పొద్దుగాలటి గోలీ ఏసుకోలే బిడ్డా వాడు. దవాఖానకు తీస్కపోయిన్రు. ఇప్పుడేస్తె పనికొస్తదా?"

నా కంట్లోకి నెత్తురు కారుతోంది. గుర్తు రాగానే వేసుకోవచ్చని చెప్పాను. ఆమె మళ్లీ ఆటో ఎక్కింది.

నాకు ఆరు కుట్లు పడ్డాయి. పోలీసులు వచ్చారు, రాసుకున్నారు. ఎస్సై అడిగిన మొదటి ప్రశ్న, "గసొంటోళ్లకు సూదులెందుకిచ్చిన్రు మేడం?" అని. అన్న మీద కేసు పెట్టాను. ఊళ్లో మా షాపుకు సూదుల షాపని పేరు పడింది. పసిపిల్లల మందుల కోసం వచ్చే తల్లులు రావడం మానేశారు. మా ఆయన అమ్మేద్దామన్నాడు. నెల రోజులు వెనక గది తెరవలేదు. తెర కదిలితే కత్తెర కోసం తడుముకునేదాన్ని. ఒక రోజు ఆపా వచ్చి, ఏమీ అనకుండా చీపురు తీసుకుని ఆ గది ఊడ్చింది. ఆమె ఊడుస్తుంటే చూస్తూ కూర్చోలేక నేనూ లేచాను. అలా మళ్లీ మొదలైంది.

కేసు వాయిదాలకు మేడ్చల్ పోతుండేదాన్ని. అన్న కూడా వచ్చేవాడు. మూడో వాయిదా నాడు వరండాలో నేను కూర్చున్న బెంచీ రెండో కొసన కూర్చున్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఆ దినం వాని నెత్తురు నా చేతులకంటింది మేడం. వల తాళ్లకు నా అరచేతులు కోసుకపోయి ఉండె. గప్పటి సంది నిద్ర లేదు. పిల్లలను ముట్టుకుంట లేను."

నాకు మొదట కలిగింది సంతోషం. నిజం రాయాలి కదా. ఎనిమిది నెలలు వీడు నిద్రపోలేదు, మంచిదే అనుకున్నాను. తరవాత అన్నాను. "పిల్లలను ముట్టుకుంటే ఏం కాదు. రేపు మధ్యాహ్నం షాపుకు రా. పరీక్ష చేస్త."

వస్తాడనుకోలేదు. వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచాడు. ఆపాను కూడా పిలిపించాను, ఒంటరిగా అతనితో ఆ గదిలో ఉండలేక. అరచెయ్యి చాపాడు. నా తలను చెక్కకు కొట్టిన చెయ్యి అదే. వేలు పట్టుకుని పొడిచాను. అవసరమైనదానికంటే గట్టిగా పొడిచానేమో, నాకే తెలియదు. అతను ఉలిక్కిపడలేదు. కిట్టు వైపు ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. ఎంతసేపు చూసినా గీత ఒక్కటే.

లేదని చెప్పాను. అతను రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "వానికి నేను గట్ల జేసి ఉండొద్దు" అన్నాడు. ఆ మాట మాకు కాదు, తమ్మునికి చెప్పమంది ఆపా. చెప్పాడో లేదో నేను అడగలేదు.

తమ్ముడి చెయ్యి కొంచెం వంకరగా అతుక్కుంది. టిప్పర్ నడపలేడు. తల్లి దగ్గర చేపలు తోముతాడు. మాత్రలు మానలేదు. సూది మాత్రం రెండుసార్లు మాని, రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు మానేసి నాలుగు నెలలైంది. మళ్లీ మొదలుపెడితే కొత్త సూది ఇస్తాను, చీటీ అడగను.

అన్న మీద కేసు నేను వెనక్కి తీసుకోలేదు. తీసుకోమని వాళ్లమ్మ కూడా ఎన్నడూ అడగలేదు.